కూజా తీగ పెళ్ళి

బయటి తలుపు వేసి, పది లెక్కపెట్టి, అప్పుడు లోపలి తలుపు తెరిచింది ఆవిరమ్మ. తెరిచీ తెరవగానే కళ్ళద్దాలు తెల్లబడిపోయాయి. తుడిచినా మళ్ళీ ఆవిరి పడుతుందని పాతికేళ్ళుగా తెలుసు కనుక వాటి జోలికి పోలేదు. కుడిచేత్తో బల్ల అంచు పట్టుకుని నాలుగడుగులు వేసి నిలబడింది. అద్దాలు తేటపడేలోగా ముక్కుతోనే గదిని చూసింది. తడి నాచు వాసన, వేడి గోడ మీది సున్నం వాసన, వాటి మీద పది రోజులుగా కొత్తగా చేరిన మరో వాసన, తడిసిన గోనెసంచి మీద కాస్త తేనె ఒలికినట్టు. ఆ వాసన నిన్నటికంటే పలచబడింది.

ఏడాదిలో ఆరునెలలు నీళ్ళ గొట్టాలు గడ్డకట్టే ఊరది. అలాంటి ఊళ్ళో కూర్చుని, ఎడతెరిపి లేని వానా ఉక్కా ఉండే అడవుల మొక్కలను పెంచి, కొమ్మలు కత్తిరించి, పోస్టులో నలుగురికీ అమ్మే మనిషి ఆవిరమ్మ. అది ఆమె ఉద్యోగం కాదు. ఉద్యోగం లాండ్రీలో హోటళ్ళ దుప్పట్లు ఇస్త్రీ చేయడం. ఆ లాండ్రీ బాయిలరు గది వెనకగోడ ఎప్పుడూ కాలుతూ ఉంటుంది. ఆ వేడి ఊరికే వీధిలోకి పోతోందని, ఎక్కడో కూల్చేసిన ఇంటి కిటికీలు నాలుగు తెచ్చి ఆ గోడకు ఆనించుకుంటానని ఆమె అడిగితే, లాండ్రీ యజమాని తల కూడా ఎత్తకుండా “ఆనించుకో” అన్నాడు. నాలుగు కిటికీలు నలభై అయి, ఈ మొక్కల గది లేచింది. ఆయన ఆ తర్వాత కూడా తల ఎత్తలేదు. ఉదయం లోపలికి వచ్చినప్పుడల్లా ఆవిరమ్మ ఆ మనిషిని ఒకసారి మనసులో తలుచుకుంటుంది.

అద్దాలు తేటపడ్డాయి. ఆమె పొట్టి మనిషి. ముప్పై ఏళ్ళు ఇస్త్రీ యంత్రం పిడి లాగిలాగి ఎడమ భుజం కంటే కుడి భుజం ఒక వేలెడు కిందికి దిగింది. మోచేతుల దాకా పాత వాతలు, సన్నగా, గీతల కాగితంలా. ఆ చేతులతో మూలనున్న తీగను తన వైపు తిప్పుకుంది.

దాన్ని కూజా తీగ అంటారు. ఆకు చివర నుంచి దారం లాంటి తీగ దిగి, దాని కొసకు ఒక చిన్న కూజా వేలాడుతుంది. దానికి మూత కూడా ఉంటుంది. తీపికి ఆశపడి అంచు మీద వాలిన ఈగ జారి లోపలి నీళ్ళలో పడుతుంది, మొక్కకు ఆ పూట గడిచిపోతుంది. ఆవిరమ్మ దగ్గర కూజా తీగలు ఇరవై రకాలున్నాయి. ఇది మాత్రం వేరు. ముదురు ఎరుపు కూజాలు, అంచుకు నల్లటి చారలు. ఇలాంటి మొక్కలు పెంచేవాళ్ళకు తెలిసినంతలో ఈ రకం ఈ చుట్టుపక్కల దేశాల్లో ఇద్దరి దగ్గరే ఉంది. ఒకటి ఆమె దగ్గర, రెండోది వియ్యంకుడి దగ్గర.

తీగ నడినెత్తి మీద మూరెడు పూలగెల నిలబడి ఉంది. కింద నుంచి పైకి విచ్చుకుంటూ వచ్చింది. కింది పూలన్నీ గోధుమ రంగుకు తిరిగి ఎండిపోయాయి. పైన కొసకు ఉన్నవి మాత్రం ఇంకా పచ్చగా, పుప్పొడి అందుకునే నాలుక తడిగా ఉన్నాయి. భూతద్దం పెట్టి లెక్కపెట్టింది. పదకొండు. రేపటికి ఇవి కూడా ఆరిపోతాయి.

బాయిలరు గదివైపు చిన్న కిటికీలోంచి తమ్ముడి మొహం కనిపించింది. బాయిలరు చూసుకునేది అతనే. చలికాలమంతా అక్క మొక్కల ప్రాణం అతని చేతిలోనే ఉంటుంది. సెలవు రోజున కూడా వచ్చి ఒకసారి మంట చూసి పోతాడు, అడిగితే ఇంట్లో తోచలేదంటాడు.

“ఏమక్కా, పెళ్ళికూతురు లేచిందా?”

“లేచింది. మొహం వాడింది.”

“మగపెళ్ళివారు ఇంకా దిగలేదా?”

“దార్లో ఉంటారు.”

“ఏ దార్లో? మూడు రోజులుగా రోడ్లన్నీ మంచే కదా.”

“తీస్తున్నారుగా.”

“ఎనభై ఒకటొచ్చినా నీ వియ్యంకుడికి బెట్టు తగ్గలేదే.”

“ఆయన్ని ఏమీ అనకు” అంది ఆవిరమ్మ. తమ్ముడు నవ్వి తల వెనక్కి తీసుకున్నాడు.

ఆ వియ్యంకుణ్ణి ఆవిరమ్మ ఎన్నడూ చూడలేదు. ఆయన ఉండేది రెండు రోజుల ప్రయాణమంత దూరంలో, ఇంతే చలి ఉన్న మరో ఊళ్ళో. ఒకనాటి తాళాలు బాగుచేసే మనిషి. ఇరవై ఏళ్ళ కిందట హోటలు దుప్పట్ల మూటలో ఎవరో పారేసిన కూజా తీగ ముక్క ఒకటి కనిపిస్తే, ఆవిరమ్మ దాన్ని ఎలా బతికించాలో అడుగుతూ మొక్కల పత్రికలో దొరికిన అడ్రసుకు ఉత్తరం రాసింది. తాళాలాయన నాలుగు పేజీలు జవాబు రాశాడు. కుళాయి నీళ్ళు వద్దు, వాననీళ్ళు లేదా కరిగిన మంచునీళ్ళు గోరువెచ్చగా పొయ్యి, ఎరువు పొరపాటున కూడా వెయ్యకు, దాని తిండి అది చూసుకుంటుంది. ఆ ముక్క బతికింది. ఆ మాట రాస్తే, వారం తిరక్కుండా ఈ ఎర్రకూజా మొలక పంపించాడు.

ఆయన దగ్గర ఈ రకానివి రెండే మొలకలున్నాయి, రెండు వేరువేరు అడవుల గింజలవి. రెండూ ఒకే ఇంట్లో ఉంటే ఒక్క రాత్రి మంట ఆరిందంటే రెండూ పోతాయి, అందుకని ఒకటి నీ దగ్గర ఉండనీ అని రాశాడు. చూడని మనిషిని, లాండ్రీలో ఇస్త్రీ చేసే మనిషిని, అంతగా నమ్మాడు. ఆవిరమ్మను అప్పటిదాకా దుప్పట్ల విషయంలో తప్ప ఎవరూ దేనికీ నమ్మి ఉండలేదు.

ఈ తీగల్లో ఆడది వేరు, మగది వేరు. పూసేదాకా ఏది ఏదో దేవుడికే తెలియాలి. అక్కడ మొదలైంది వియ్యం. “మాది పిల్లవాడే, నిలబడే తీరు చూస్తే తెలుస్తోంది” అని రాసింది ఆవిరమ్మ ధీమాగా. “అయితే ఆడపిల్లవాళ్ళం మేమన్నమాట, తమరి దయ” అని ఆయన చేతులు కట్టుకున్నాడు. తొమ్మిదేళ్ళు ఆవిరమ్మ ఉత్తరాల్లో మగపెళ్ళివారి బెట్టు చేసింది. మర్యాదల్లో లోటు రాకూడదంది, ఆయన మంచి నాచు పంపితే ఇంత కొంచెమా అంది. పదో ఏట ఆమె తీగ పూసింది. భూతద్దం పెట్టి చూసి, మళ్ళీ చూసి, తమ్ముణ్ణి పిలిచి చూపించి, ఆఖరికి కార్డు మీద ఒకే ఒక్క వాక్యం రాసింది. “అన్నయ్యగారూ, మాది ఆడపిల్లండి.” జవాబు వచ్చింది. “ఇన్నేళ్ళూ మీరు కూర్చున్నారు చెల్లెమ్మా. ఇక మేం కూర్చుంటాం, మీరు నిలబడండి.”

మరుసటేడు ఆయనది పూసింది. అదృష్టం బాగుండి మగదే అయింది.

కానీ ఇది పూసిన ఏడు అది పూయదు, అది పూసిన ఏడు ఇది మొండికేస్తుంది. నాలుగేళ్ళ కిందట ఒక్కసారి రెండూ కలిసొచ్చాయి. ఆయన పుప్పొడి కాగితంలో మడిచి పంపాడు. ఆవిరమ్మ అప్పుడే పొరపాటు చేసింది. పెళ్ళికొడుకు ఇంత చలిలో పడి వచ్చాడు కదా అని, పొద్దున పనికి వెళ్ళబోతూ ఆ పొట్లాన్ని మొక్కల గదిలో వేడిగోడ పక్కన వెచ్చగా పెట్టింది. సాయంత్రానికి ఆ ఉక్కకు పుప్పొడి చెమ్మగిల్లి జిగురు ముద్దయిపోయింది. పుప్పొడికి కావలసింది చలి, పొడిదనం. మొక్కకు మంచిది దాని పుప్పొడికి చెడ్డది. అంత తెలిసిన మనిషి అంత చిన్న విషయం మరిచిపోయింది. రెండు రోజులు అన్నం సయించలేదు. జరిగింది జరిగినట్టు రాసి పంపి, తిట్లకోసం ఎదురుచూసింది. “పిల్లవాడికి చెమట పట్టింది, అంతే కదా. మళ్ళీ వస్తాడు” అని వచ్చింది జవాబు. ఆ కార్డు చదివి ఆవిరమ్మ ఇస్త్రీ యంత్రం పక్కన నిలబడి ఏడ్చింది. చిన్నప్పటి నుంచీ పొరపాటు చేసినప్పుడు ఆమె విన్న మాటలు వేరు.

ఆమెకు పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదంటే చెప్పడానికి పెద్ద కథేమీ లేదు. అమ్మ మంచాన పడింది, తమ్ముడు చిన్నవాడు, ఆ తర్వాత అడిగేవాళ్ళు లేరు. తన చేతుల మీదుగా ఒక్క పెళ్ళయినా చేయాలని మాత్రం ఉంది. నవ్వుతూనే అంటుంది గాని నిజంగానే ఉంది. గింజ కడితే రేపు ఈ రకం ఇద్దరి దగ్గర కాదు, ఇరవై మంది దగ్గర ఉంటుంది. ఏ ఒక్కరి మంట ఆరినా ఫర్వాలేదు.

ఈ ఏడు ఆయనది ముందే పూసింది, పొడి తీసి దాచానని రాశాడు. పది రోజుల కిందట ఇక్కడ మొదటి పువ్వు విచ్చుకోగానే ఆవిరమ్మ కార్డు రాసింది. ఆయనకు చెవులు బాగా మందగించాయి, అందుకని ఫోన్లు లేవు, అంతా కార్డులే. ఒక్క ఫోను మాత్రం బాకీ పెట్టుకున్నారు. పెళ్ళయిన రోజున చెయ్యాలి. “వినపడకపోయినా వింటాను” అన్నాడాయన.

ఆ రోజంతా ఆవిరమ్మ చేతులు దుప్పట్ల మీద, చెవులు వీధి మీద ఉన్నాయి. యంత్రం నోరు తెరిచి మూసినప్పుడల్లా బుస్సుమని ఆవిరి లేస్తోంది. రెండు దిండు గలీబులు తిరగేసి ఇస్త్రీ చేసింది. పక్కనున్నామె చూసి, “ఇవాళ నిన్ను పెళ్ళికూతురు ఆవహించినట్టుంది” అంది.

వెలుగు పలచబడే వేళకు పోస్ట్‌మాన్ వచ్చాడు. బూట్లకు మంచు దులుపుకుంటూ, “ఆవిరమ్మగారూ, మీకోసం రెండు కిలోమీటర్లు నడిచాను. బండి రాలేదు” అన్నాడు. చేతిలో చెప్పులపెట్టె అంత అట్టపెట్టె. ఆవిరమ్మ తన ఫ్లాస్కులోని టీ అంతా అతని కప్పులో పోసేసింది.

పెట్టె మీద అడ్రసు గుండ్రటి అక్షరాలతో ఎవరో రాశారు. ఆయన గీత కొండెక్కుతున్నట్టు పైకి పోతుంది. కంటికి శుక్లాలని పోయిన కార్డులో రాశాడు, కోడలితో రాయించి ఉంటాడనుకుంది. ఈసారి బుద్ధిగా పొడిగా ఉన్న ఇస్త్రీగదిలోనే పెట్టె విప్పింది. దూది. దూదిలో చిన్న మందుసీసా, సీసాలో చెమ్మ పీల్చుకోవడానికి కాసిని బియ్యం, బియ్యం మధ్య మడిచిన కాగితం. కాగితం మీద మాత్రం ఆయన గీతే, కొండెక్కుతూ. “పెళ్ళికొడుకు. వెచ్చబెట్టకు.”

ఆవిరమ్మ పకపకా నవ్వింది. పెట్టె అడుగున ఒక కుంచె కూడా ఉంది. నాలుగైదు వెంట్రుకలే మిగిలిన సన్నటి కుంచె, పట్టుకునే చోట నల్లదారం చుట్టి, ఆ దారం వేళ్ళ జిడ్డుకు మెరుస్తోంది. “ఆడపెళ్ళివారింట్లో కుంచె కూడా ఉండదనుకున్నారు కాబోలు” అనుకుంది.

తమ్ముడు టోపీ తీసి చేత్తో పట్టుకుని, రెండు తలుపుల మధ్యనున్న ఇరుకులో నిలబడి చూశాడు. ఆవిరమ్మ ఊపిరి బిగబట్టింది. కుంచె కొసను పసుపుపచ్చటి పొడిలో అద్ది, మొదటి పువ్వు తడినాలుక మీద ఒక్కసారి తాకించింది. తర్వాత రెండోది. చెయ్యి కదల్లేదు. ముప్పై ఏళ్ళు వేడి యంత్రం నోట్లోకి పెట్టి తీసిన చెయ్యి అది, ఎక్కడ ఆగాలో దానికి తెలుసు. పదకొండో పువ్వు అయ్యాక ఏదైనా అనాలనిపించింది. ఏమనాలో తెలియక, “సుఖంగా ఉండండి” అంది.

“ఇంతేనా? భోజనాలు లేవా?” అన్నాడు తమ్ముడు.

ఆఫీసు గదిలో ఫోనుంది. ఆవిరమ్మ చేతులు కడుక్కుని, జుట్టు సరిచేసుకుని, నంబరు తిప్పింది. ఆయనకు వినపడేలా గట్టిగా చెప్పాలని గొంతు సవరించుకుంది. అవతల ఆడగొంతు పలికింది.

“నేనమ్మా, లాండ్రీ నుంచి. పెళ్ళయిపోయిందని మీ మావయ్యగారికి చెప్పాలి. ఫోను ఆయన చెవి దగ్గర పెడతావా?”

కోడలు తిరిగి తనే అడిగింది.

“అన్ని పువ్వులకూ పెట్టేశారా, అత్తయ్యగారూ?”

“అన్నిటికీ పెట్టాను. పదకొండింటికీ.”

“అయితే చెప్పొచ్చు. మావయ్యగారు పోయి తొమ్మిది రోజులైందండీ.”

ఆవిరమ్మ కుర్చీ కోసం చెయ్యి చాచింది.

“మీ కార్డు ఆ తర్వాత రెండు రోజులకొచ్చింది. తను ఉన్నా లేకపోయినా, అది వచ్చిన రోజే పెట్టె పోస్టు చెయ్యమని ముందే చెప్పి ఉంచారు. పొడి ఫ్రిజ్‌లో పెట్టించారు. పైన అడ్రసు నన్నే రాయమన్నారు. లోపల మాత్రం ఉత్తరం పెట్టొద్దన్నారు. ముందే తెలిస్తే మీ చెయ్యి వణుకుతుందట. పెళ్ళయ్యాక ఆవిడే ఫోన్ చేస్తుంది, అప్పుడు చెప్పు, అన్నారు.”

“బాధ పడ్డారా, అమ్మా?”

“లేదండీ. నిద్రలోనే. ఆ ముందు రోజు కూడా మీ గురించి చెప్పి నవ్వారు, తొమ్మిదేళ్ళు మగపెళ్ళివారిలా ఏలారట మీరు. ఆయన మొక్కలకు ఏం చెయ్యాలో నాకు తెలీదు, అత్తయ్యగారూ. పారేయబుద్ధి కావట్లేదు.”

ఆవిరమ్మకు కళ్ళ ముందు ఏమీ కనిపించడం లేదు, ఈసారి అద్దాల వల్ల కాదు. అయినా చెప్పింది. “కాగితం, పెన్ను తెచ్చుకో అమ్మా. చెప్తాను. కుళాయి నీళ్ళు పొయ్యకు. మంచు కరిగించి గోరువెచ్చగా పొయ్యాలి.” నాలుగు పేజీలకు సరిపడా చెప్పింది. కోడలు ప్రతి మాటా రాసుకుని, చివర ఒకసారి చదివి వినిపించింది.

ఫోను పెట్టేశాక ఆవిరమ్మ చాలాసేపు ఏడ్చింది. దుఃఖం కంటే పెద్దదేదో ఆ ఏడుపులో ఉంది. తన చెయ్యి వణక్కూడదని, చనిపోయే ముందు కూడా ఆలోచించిన మనిషి ఒకడు తన జీవితంలో ఉన్నాడు. ఇంతమంది మనుషులున్న లోకంలో అది ఎందరికి దొరుకుతుంది. ఎవరికి మొక్కాలో తెలియక, ఆఫీసు గదిలో ఎవరూ లేకపోయినా, రెండు చేతులూ జోడించింది.

తమ్ముడు బాయిలరులో మంట ఒక గీత పెంచి, కోటు తెచ్చి అక్క భుజాల మీద కప్పాడు. ఇద్దరూ ఇంటికి నడిచారు.

మొక్కల గదిలో, ఎర్రకూజా తీగ కింద బల్ల మీద, నల్లదారం చుట్టిన కుంచె కడగకుండా అలాగే ఉంది, కొసన ఇంకా కాస్త పసుపు అంటుకుని.