నాలుగో రేవులో వెల్లుల్లి

పాత నాలుగో రేవులో వెల్లుల్లి నాటినవాడు, వచ్చే వేసవిదాకా ఇక్కడ పునాది పడదని లెక్కేసుకున్నట్టే. అక్టోబరులో నాటింది జూన్‌కు గాని పీకడానికి రాదు. పోర్టు ఆఫీసువాళ్లు మళ్లను ఏ ఏటికా ఏడే ఇస్తారు. పని మొదలైన రోజున నేలలో ఏముంటే అది బుల్‌డోజరు పాలని ముందే చెబుతారు. కంటైనర్లు పెట్టిన కాంక్రీటు పగలగొట్టి, మట్టి తోలి, కట్టడం మొదలయ్యేదాకా కూరగాయలు పండించుకోమన్నారు. ఆ 'మొదలయ్యేదాకా' అన్నది ఏళ్లుగా సాగుతూనే ఉంది. కంచె మీది కొత్త భవనాల బొమ్మలో సముద్రం వెలిసి తెల్లబడిపోయింది.

మేమంతా సగం మడిలో కిమ్చీ క్యాబేజీ, సగంలో వెల్లుల్లి వేసేవాళ్లం. నా పక్క మడి సాగుచేసేది తాక్ గిబోంగ్ అన్న. అతను మాత్రం వెల్లుల్లి సగాన్ని ఖాళీగా వదిలేసేవాడు. పాత రేవు బజారులో అతనికి ఎండు నెత్తళ్ల కొట్టుండేది. బజారు కూల్చినప్పుడు, కొత్త భవనంలో కింది అంతస్తులోనే కొట్టు ఇస్తామన్నారు.

"జూన్‌లో నేను కొట్లో కూర్చునుంటాను. వెల్లుల్లి ఎవడు పీకుతాడు?" అనేవాడు ఏటా.

అతని భార్యను పుట్టింటి ఊరి పేరుతో హాదోంగ్ వదిన అంటాం. "ఆ ఖాళీ నేల చూస్తే నాకు అన్నం దిగదు. నాలుగు రెబ్బలు గుచ్చనివ్వరాదూ," అని ఆవిడ అడిగేది.

"గుచ్చితే కొట్టు వద్దన్నట్టే."

ఆవిడ క్యాబేజీ సగంలోకి వెళ్లిపోయేది.

ఆ ఏడు ఆఫీసువాళ్లు అందర్నీ పిలిచి, వసంతంలో పని మొదలవుతుందన్నారు. రేవులో కాఫీ అమ్మే ఒక్‌బున్ కూడా నమ్మింది. "ఈసారి నిజమే. నిన్న ఇంజనీర్లు నా దగ్గరే కాఫీ తాగారు. ఎప్పుడూ లేంది, బూట్లకి బురద కూడా ఉంది!" అంది. ఎవరూ విత్తనం కొనలేదు. నేనూ కొనలేదు.

ఒక పొద్దున గిబోంగ్ అన్న నా మడి గట్టున నిలబడ్డాడు.

"తమ్ముడూ, మీ నామ్‌హేలో విత్తనపు పాయలు దొరుకుతాయా?"

మాది వెల్లుల్లి పండే ఊరు. "ఎవరికి?" అన్నాను.

"నాకే."

ఒక్‌బున్ కాఫీ బండి ఆపేసింది. "ఏం అన్నా, అందరూ నాటినన్నాళ్లూ మానేసి, అందరూ మానేశాక నాటతావా? మెదడు కూడా ఎండబెట్టావా, నెత్తళ్లతో పాటు?"

అతను నవ్వలేదు. సముద్రం వైపు చెయ్యి చూపించాడు. "వసంతంలో తవ్వేది అటే. మా కొట్లు రెండో విడతంట. ఈ మళ్లున్న నేలంతా రెండో విడతే."

"అదెప్పుడంట?"

"అడిగాను. చెబుతామన్నారు."

యంత్రం దిగాక ఇటూ అటూ చూస్తుందా అని మిగతావాళ్లు నాటలేదు. నేను ఊరికెళ్లి అతనికి విత్తనం తెచ్చిపెట్టాను. వదిన పీట మీద కూర్చుని రెబ్బలు విడదీసింది. అతను వాటిని తలకిందులుగా గుచ్చుతుంటే, "మొన పైకి, అన్నా," అన్నాను. మొదటి వరసంతా తీసి మళ్లీ గుచ్చాడు. ఇన్నేళ్లు అడిగిన పని జరుగుతున్నా వదిన ముఖంలో సంతోషమేమీ కనబడలేదు.

"ఇంట్లో తలుపు వెనక దాచిన పాత కొట్టు బోర్డు తీసెయ్యనా? చీపురు పెట్టుకోను చోటు లేదు," అంది.

"తీసెయ్," అన్నాడు తలెత్తకుండా.

వసంతంలో యంత్రాలు వచ్చాయి. సముద్రం వైపే దిగాయి. పొద్దున్నుంచి సాయంత్రందాకా ఇనుప స్తంభాలు నేలలోకి దించుతుంటే మా కాళ్ల కింద మట్టి అదిరేది. మా ఖాళీ సగాల్లో కలుపు లేచింది. అతని మడిలో వెల్లుల్లి లేచింది.

జూన్‌లో భార్యాభర్తలిద్దరూ పీకారు. నేను సాయం పట్టాను. పాయలు గట్టిగా, ఎర్రగా ఊరాయి. ఒక్‌బున్ ఒకటి అడక్కుండానే తీసుకుని, "కొట్టువాడివి రైతువైపోయావే," అంది. అతను వేళ్లకంటిన మట్టి దులుపుతూ ఉన్నాడు.

కట్టలు కట్టడం మొదలుపెట్టాక నన్నడిగాడు. "విత్తనానికి ఎంత ఉంచాలి, తమ్ముడూ?"

"ఎంత నాటతావో దాన్నిబట్టి. పెద్దవి ఉంచుకోవాలి."

అతను మడిని, క్యాబేజీ వేసే సగంతో సహా, ఈ చివరనుంచి ఆ చివరిదాకా చూశాడు.

"మడంతా," అన్నాడు.

వదిన కట్టిన కట్టలు విప్పి, పెద్ద పాయలు ఏరి పక్కన పెట్టసాగింది.