జానెడు, బెత్తెడు, రెండు వేళ్లు

నిన్న మిర్యాలగూడ రోడ్డు మీద ఊక లారీ నా కుడి మోకాలికి జానెడు దూరంలో ఆగింది. ఆ జానెడు దూరం నాతోపాటే ఇంటికి వచ్చింది కాబట్టి లారీ కూడా వచ్చింది. ఇప్పుడు మా ముందుగదిలో ఉంది.

గది దానికి సరిపోయింది. టీవీ బల్ల కొంచెం పక్కకు జరిగింది, గోడ కొంచెం వెనక్కి వంగింది, అంతే. నేను మంచం మీద కూర్చుని ఉన్నాను. కాలు ఎటు జరిపితే లారీ మొహం అటే తిరుగుతుంది. మధ్య దూరం మాత్రం మారదు. పైనున్న వలలోంచి ఊక రాలుతూనే ఉంటుంది, నా భార్య అండాలు దాన్ని పూటకోసారి ఊడ్చి చాటకెత్తుతోంది.

నేను బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాను. సందులో కాగితమంత తేడా వచ్చినా మోటారు కాలిపోతుంది. సందులు చూసుకుంటూ బతికేవాణ్ణే గానీ ఈ సందు వైపు మాత్రం చూడలేకపోతున్నాను.

క్యాబిన్‌లో డ్రైవరు మస్తాన్‌వలి ఉన్నాడు. పిడుగురాళ్ల మనిషి. నిన్నటి నుంచీ అతని కుడికాలు బ్రేకు మీదే ఉంది.

"దిగి ఇంత చాయ్ తాగరాదు అన్నా" అంటుంది అండాలు.

"కాలు తీస్తే మీ ఆయన ఉండడక్కా. ఈడికే ఇయ్యి."

అండాలు కిటికీలోంచి గ్లాసు అందిస్తుంది. తర్వాత నాకు దిష్టి తీసి, కొత్త బండికి పెట్టినట్టు నిమ్మకాయను ముందు చక్రం కింద పెట్టబోతుంది.

"వొద్దక్కా. నిమ్మకాయ నలగాలంటే బండి కదలాల" అంటాడు మస్తాన్‌వలి.

ఆమె నిమ్మకాయను కొంగున కట్టుకుంటుంది.

పొద్దున్నుంచీ జనం పరామర్శకు వస్తున్నారు. బ్రెడ్డు ప్యాకెట్లు, అరటిపళ్లు, గ్లూకోజు డబ్బాలు. కుర్చీలు చాలక కొందరు లారీ బంపరు మీద కూర్చుంటారు. లారీ గురించి ఎవరూ అడగరు. చూడవచ్చింది నన్ను గదా.

మొదట వచ్చినవాడు అండాలు మేనమామ సత్తయ్య.

"ఎంతల తప్పింది అల్లుడా?"

"జానెడుల, మామా."

ఆయన బ్రెడ్డు ప్యాకెట్ చంకలోనే ఉంచుకుంటాడు. "జానెడా? మా తోడల్లునికి బెత్తెడుల తప్పింది. తెల్లారి మల్ల పనికి పోయిండు వాడు."

నాకు చిన్నతనంగా ఉంది. ప్రాణం మీదికి తెచ్చుకుని కూడా ఇంకొకడి తోడల్లుడి కంటే తక్కువైపోయాను.

"జానెడంటే పూరా జానెడు గాదు మామా. ఇగో, బెత్తెడే" అని నాలుగు వేళ్లు చూపిస్తాను.

లారీ బుస్సుమని గాలి వదిలి బెత్తెడు దూరానికి వస్తుంది. మామ తృప్తిగా తల ఊపి, బ్రెడ్డు ప్యాకెట్ మంచం మీద పెట్టి వెళ్లిపోతాడు.

తర్వాత మహిళా సంఘం వాళ్లు నలుగురు వస్తారు. వాళ్లకు రెండు వేళ్లని చెబుతాను. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తుంది. నా కోసం పరాయి మనిషి ఏడవడం ఇదే మొదటిసారి, అబద్ధమెందుకు, చాలా బాగుంది. ఇంజను వేడి మోకాలికి తగులుతోంది.

వాళ్లు వెళ్లాక అండాలు చీపురు పక్కన పడేసి నా ముందు కూర్చుంటుంది.

"నువ్వు చెప్పినప్పుడల్లా అది ముందుకు జరుగుతున్నది. ఇగ నోరు మూస్కో."

"చూడొచ్చినోళ్లకు చెప్పకుంటే ఏమనుకుంటరే?"

"అయితే పెంచి చెప్పు."

అది నాకు తోచలేదు. మోటారు షాపు వాళ్లు ముగ్గురు వచ్చినప్పుడు లారీ బారెడు దూరంలో ఆగిందని చెబుతాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

"బారెడు దూరంల రోజూ పోతయి లారీలు. గిందుకేనా మేం షాపు బంద్ చేసి వచ్చింది?" అంటూ పెద్దాయన ఆపిల్ పళ్ల సంచి మళ్లీ చేతిలోకి తీసుకుంటాడు.

లారీ వెనక్కి వెళ్లలేదు. నేను మస్తాన్‌వలి వైపు చూస్తాను.

"ఎనక్కి పోవాలంటే బ్రేకు వొదలాల. వొదిల్తే ముందుకే పోద్దన్నా. మీ ఇల్లు నీ వైపే వాలుగా ఉంది."

నిజమే. మొన్నటిదాకా చదునుగా ఉన్న నేల ఇప్పుడు నా మంచం వైపు వాలి ఉంది. షాపు వాళ్లు చెప్పులు వేసుకుంటున్నారు. రేపు ఊళ్లో ఏమని చెప్పుకుంటారో నాకు తెలుసు. సిగ్గు ఆగదు.

"ఉన్నదున్నట్టు చెప్పాలంటే వెంట్రుకవాసి" అంటాను.

వాళ్లు చెప్పులు విప్పి మళ్లీ కూర్చుంటారు. లారీ వస్తుంది. నా మోకాలి మీది వెంట్రుకలు రేకుకు తగిలి వంగుతున్నాయి.

మధ్యాహ్నం గురుకులం నుంచి ఫోను వస్తుంది. ఏడో తరగతి చదువుతున్న మా కావేరికి సంగతి తెలిసింది, ఇంటికి పంపారు, బస్సులో ఉంది. వచ్చీ రాగానే అది అడిగేది ఎంతలో తప్పిందనే. వెంట్రుక తర్వాత ఇంకేం లేదు. చచ్చిపోతానని కాదు, అది పిల్ల కళ్ల ముందు జరుగుతుందని నాకు చాలా భయంగా ఉంది.

పైన మస్తాన్‌వలి కాలు వణుకుతోంది. "మొద్దుబారిందన్నా. ఇంక ఎంతోసేపు ఆపలేను."

"నువ్వు దిగు. నేను తొక్కుత."

"కింద నువ్వు లేకపోతే ఎట్టా? దేనికోసం తొక్కాల?"

"కింద గూడ ఉంట."

అతనికి ఆ మాట నచ్చింది. నేను ఎక్కి అతని కాలి మీద నా కాలు ఉంచుతాను. అతను మెల్లగా తన కాలు లాక్కుంటాడు. అండాలు ఇచ్చిన అరటిపళ్లు పట్టుకుని, కుంటుకుంటూ బస్టాండు వైపు వెళ్లిపోతాడు.

ఇక్కణ్ణుంచి చూస్తే మంచం మీద ఉన్న నేను చిన్నగా కనిపిస్తున్నాను. నడినెత్తిన జుట్టు పలచబడింది. ఇంతకాలం నాకెవరూ చెప్పలేదు.

గోడ మీదుగా వీధంతా కనిపిస్తోంది. సత్తయ్య మామ వాకిట్లో ఆయనకు ఎదురుగా ఒక ట్రాక్టరు ఆగి ఉంది. సంఘం ఆమె వంటింట్లో ఒక బస్సు. ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక బండి, పట్టపగలు లైట్లు వేసుకుని, లోపల బ్రేకు మీద కాలు బిగబట్టుకుని కూర్చున్న ఒక మనిషి.

మలుపులో కావేరి కనిపిస్తుంది. రెండు జడలు, భుజాన సంచి. దాని వెనక ఇరవై బారల దూరంలో ఇసుక లారీ వస్తోంది. డ్రైవరు సీటులో ఎవరూ లేరు. పిల్లది గదా, దాని బండికి ఇంకా ఎవరినీ పెట్టలేదు. వీధి కూడా వాలుగానే ఉంది.

నేను హారను కొడతాను. కావేరి నన్ను చూసి, చెయ్యి ఊపి, రోడ్డు మధ్యలో ఆగుతుంది. ఇసుక లారీ ఆగదు.

మంచం మీద ఉన్న నేను తల ఎత్తి చూస్తాను. ఇద్దరం ఒకరినొకరం ఇలా చూసుకోవడం ఇదే మొదలు.

"పిల్ల" అంటాను పై నుంచి.

"జల్ది పో మరి" అంటాను కింద నుంచి. లుంగీ కొంచెం పైకి లాక్కుని మోకాలు ముందుకు పెడతాను.

బ్రేకు మీది కాలు తీసి దూకుతాను. వెనకాల మా వంటింటి గిన్నెలన్నీ ఒక్కసారిగా కింద పడ్డ చప్పుడు వినిపిస్తుంది. తిరిగి చూడకుండా పరుగెత్తి ఇసుక లారీ ఎక్కుతాను. సీటులో కూర్చుని చూసుకుంటే నా కుడికాలు మోకాలి దగ్గరే అయిపోయింది. ఎడమకాలితో బ్రేకు తొక్కుతాను.

లారీ నడకంత నెమ్మదిస్తుంది. కావేరి నడుస్తోంది, దాని వెనకే నేను. పది అడుగులకు దాని రిబ్బన్లు ఊడిపోయాయి. నాలుగిళ్లు దాటేసరికి చీరలో ఉంది. మా గుమ్మం చేరేసరికి తల పూర్తిగా నెరిసింది. ముసలి కావేరి నడుం మీద చెయ్యి పెట్టుకుని, చెప్పులు విప్పి, నన్ను చూడటానికి లోపలికి వెళ్తోంది. నేను బ్రేకు మీది కాలు తియ్యడం లేదు.