లీవు ఇవ్వని కర్నల్

"రాయి," అన్నాడు దేవదానం, సెల్‌ఫోన్ చూసుకుంటూ.

ప్రసన్నకుమారి చింతపండు పిసికిన చేయి కడుక్కొని వచ్చి కాగితాల ముందు కూర్చుంది. దేవదానం ఎస్పీ అయినందుకు ఆదివారం ఆళ్లగడ్డ చర్చిలో కృతజ్ఞతా కూడిక. ఆ సంఘంలో పుట్టి జిల్లాకు ఎస్పీ అయినవాడు ఇంతవరకు లేడు. ఇటువంటి కూడికకు ఆ మనిషి బతుకంతా కాగితం మీద పెట్టి పాస్టరయ్యకు ఇవ్వాలి. ఆయన దాన్ని చదువుతాడు. తరువాత భార్య లేచి సాక్ష్యం చెబుతుంది. అందరూ ఆమెన్ అని భోజనాలకు లేస్తారు. కాగితం రాసే పని ఎప్పుడూ ప్రసన్నదే. పెండ్లైన కొత్తలో నీ రాత బాగుంటాది అని ఒకసారి మెచ్చుకున్నాడు. ఆ ఒక్క మెచ్చుకోలు మీద పంతొమ్మిదేండ్లుగా రాయించుకుంటున్నాడు.

రెండు వేల మూడులో సైన్యంలో లెఫ్టినెంట్. తరువాత కెప్టెన్, మేజర్. పదేండ్లు నిండినాక బయటికి వచ్చి, స్వయంకృషితో గ్రూప్ వన్ గెలిచి డీఎస్పీ. స్వయంకృషితో అన్న మాటను ఆమె పొందికగా రాసింది. బడిలో పాఠాలు చెప్పి వచ్చి, వంట ముగించి, పేపర్లు కత్తిరించి పద్నాలుగు నోటుబుక్కులు నింపింది తానే. ఆయన మిద్దె మీద నడుస్తూ వాటిని బట్టీ పట్టాడు. ఉద్యోగం వచ్చిన నెలలోనే, డీఎస్పీ పెండ్లాం పిల్లోళ్ల ముక్కులు తుడుస్తాంటే జనం నవ్వుతారు అన్నాడు. బడి మానేసింది. మానేసినాక, ఇంట్లో ఊరికే ఉంటావు కదా అనడం మొదలుపెట్టాడు. ఇవేవీ రాసే సంగతులు కావు. తారీకులు, హోదాలు, ఊర్ల పేర్లు రాస్తూ పోయింది.

"రెండు వేల తొమ్మిది రాసినావా?"

రాయలేదు. ఆ ఏడాది ఆమె చేతికి తనంతట తాను రాదు.

అప్పుడు ఆయన కాశ్మీరులో, ఆమె ఆళ్లగడ్డలో అత్తగారింట్లో. జెస్సికాకు పదిహేడు నెలలు. మూడు దినాలు జ్వరం తగ్గలేదు. అత్త ప్రార్థన చేయించిన నూనె నుదుటికి రాసి, కెప్టెన్ బిడ్డకు ఏమీ కాదులే అంది. నాలుగో దినం ఆ మాట వినకుండా పిల్లను ఎత్తుకొని ప్రసన్న నంద్యాల బస్సెక్కింది. శిరివెళ్ల దాటినాక ఒళ్లో బరువు మారింది. ఆమెకు తెలిసిపోయింది. తెలిసినా నోరు తెరవలేదు. చెబితే కండక్టరు దింపేస్తాడని, దింపితే ఆస్పత్రికి చేరలేనని, చేరితే ఏమైనా మిగిలి ఉంటుందేమోనని, కొంగు కప్పుకొని కూర్చుంది. పక్కనున్న ముసలామె నిద్రపోయిందా తల్లీ అంటే ఊ అంది. ఆస్పత్రిలో డాక్టరు కొంగు తీసి చూసి మళ్లీ కప్పాడు.

ఆ సాయంత్రం దేవదానం ఫోన్లో, కర్నల్ లీవు ఇయ్యలా ప్రసన్నా, ఎంత బతిమాలినా ఇయ్యలా అన్నాడు. కర్నల్ మనసు మార్చుకుంటాడేమోనని పిల్లను మరుసటి దినం పొద్దువాలే దాకా ఐసు మీద ఉంచారు. చివరికి తండ్రి వేయవలసిన మట్టి మామ యెషయా వేశాడు.

కర్నల్ పేరు రాణా. ఆ పేరు అడిగి తెలుసుకుంది. నెలనెలా చర్చిలో ప్రభు బల్ల దగ్గర రొట్టె ఇచ్చే ముందు, ఎవరి మీదనైనా పగ ఉంటే దాన్ని దింపుకొని రమ్మంటాడు పాస్టరయ్య. ఆడవాళ్లంతా వరసగా లేచి వెళుతుంటే ప్రసన్న బెంచీ మీదే ఉండిపోయేది. రెండేండ్లు అట్లా కూర్చుంది. లీవులో వచ్చిన దేవదానం కోప్పడ్డాడు. నీ పెండ్లాం ఏం పాపం చేసింది అని అడుగుతాండారు, నా పరువు తీస్తాండావు అన్నాడు. మూడో ఏట మాత్రం, ఎప్పుడూ చూడని ఆ మనిషికి మనసులో ఒక ముఖం పెట్టి, నెరిసిన మీసం పెట్టి, ఆయనకూ పిల్లలుంటారు కదా అనుకొని, ఏడ్చి ఏడ్చి క్షమించింది. రొట్టె తీసుకుంది. బతుకులో తాను చేసిన పెద్ద పని అదొక్కటేనని ఆమె లెక్క. నోటుబుక్కుల మాదిరిగా అది ఇంకొకరి పేరు మీదికి పోలేదు. అప్పటినుంచి ప్రార్థనలో రాణా పేరు ఏ దినమూ తప్పలేదు.

"జూన్ పదిహేడు, బ్రిగేడియర్ చేతుల మీదుగా ప్రశంసాపత్రం," దేవదానం చెబుతున్నాడు. "ముందు దినమే కన్నబిడ్డ చనిపోయినా, చేతిలో లీవు కాగితం ఉన్నా, కర్తవ్యం విడిచి రాలేదు. అట్ల రాయి. ఆడోళ్లు ఏడుస్తారు."

పెన్ను ఆగింది.

"లీవు ఇచ్చినారా?"

"ఇచ్చినారులే. జీపు పెడతా, తొందరగా పో అన్నాడు కర్నల్. మంచోడు. నేనే ఆగిపోయినా, పెరేడ్ ఉండె కదా. పిల్ల ఎట్లాగూ పోయె, నేనొచ్చి ఏం చేయాల?"

"ఇయ్యలేదంటివే."

"నువ్వు ఏడుస్తాంటివి. ఏదో ఒకటి చెప్పాల కదా. ఇప్పుడెందుకు అది, రాయి."

ఫోన్లోంచి తల ఎత్తలేదు. తాను అబద్ధం చెప్పిన సంగతే ఆయనకు గుర్తున్నట్టు లేదు. ప్రసన్న రాసింది, ఆయన చెప్పినట్టే, ఒక్క కొట్టివేత లేకుండా. రాస్తుంటే, ఎక్కడో చలిలో నెరిసిన మీసం మనిషి ఒకడు నిలబడి పో పో అంటున్నట్టు అనిపించింది. ఆ దినం తన బిడ్డ వైపు నిలబడినవాడు భూమి మీద ఆయనొక్కడే. ఆయన్నే రెండేండ్లు ద్వేషించింది. ఆయన చేయని తప్పుకే ఆయన్ను క్షమించింది. నిజంగా క్షమాపణ కావలసిన మనిషికి ఇన్నేండ్లూ అన్నం వడ్డించింది.

ఆదివారం చర్చి నిండింది. పాస్టరయ్య ఫ్రాన్సిస్ కాగితం చదివాడు. లీవు కాగితం దగ్గరికి వచ్చేసరికి ఆడవాళ్లు కళ్లు ఒత్తుకున్నారు, మగవాళ్లు చప్పట్లు కొట్టారు. దేవదానం తల వంచుకొని ఆ చప్పట్లు అందుకున్నాడు. తరువాత అమ్మగారి సాక్ష్యం అన్నాడు పాస్టరయ్య. ప్రసన్న ముసుగు సవరించుకొని లేచింది. క్లుప్తంగా కానివ్వు అన్నట్టు దేవదానం కనుసైగ చేశాడు.

"జెస్సికా మట్టికి వాళ్ల నాయనకు లీవు ఇయ్యలేదని, కర్నల్ రాణా అనే ఆయన మీద రెండేండ్లు పగ పెట్టుకున్నా. మీ అందరి ముందర రొట్టె తీసుకోకుండా కూర్చున్నా. తరువాత క్షమించినా. ఆయన లీవు ఇచ్చినాడంట, పో అన్నాడంట. మొన్ననే తెలిసింది. ఈ దినం నా కృతజ్ఞత ఆయనకు."

అలవాటుగా ఎవరో ఆమెన్ అన్నారు. మిగతావాళ్లు అనలేదు. కూర్చోమ్మా, ప్రార్థన చేసుకుందాం అని పాస్టరయ్య చేయి ఎత్తాడు. ప్రసన్న కూర్చోలేదు.

"క్షమించే పని ఇప్పుడు మళ్లా మొదటినుంచి చేయాల అయ్యా. ఈసారి నేను చేయను. దానికోసం ప్రార్థన పెట్టొద్దండి."