జిడ్డు మొహం

"మొహం కడుక్కుని రావే, జిడ్డోడుతోంది" అన్నాడు భర్త, పళ్ళెంలోంచి తలెత్తకుండానే. తలెత్తకుండా ఎలా కనిపించిందో మరి! 'జిడ్డు మొహం' - పెళ్ళయిన కొత్తలో అత్తగారు పెట్టిన పేరది. తనూ నమ్మేసింది. గరుకు సబ్బుతో రుద్ది రుద్ది, బుగ్గలు పొట్టు లేచి మంటపుట్టినా నా ఖర్మ అనుకుని ఊరుకుంది.

కానీ నిన్న ఆమె పనిచేసే ఆసుపత్రి మేనేజరు కూడా అదే పాట అందుకున్నాడు. "వచ్చేవాళ్ళు ముందు చూసేది నీ మొహమే కదమ్మా. ఇలాగే ఉంటే లోపల ఫైళ్ళ గదిలో వేస్తాను." రిసెప్షన్ కుర్చీ అంటే ఆమెకు ప్రాణం. పొద్దున్నే అందరి బాక్సులూ సర్ది, పొయ్యి దగ్గర్నుంచి తిన్నగా బస్సెక్కేది ఆ కుర్చీ కోసమే. ఏడుపొచ్చేసింది.

"ముందు నీది ఏ చర్మమో తెలుసుకో అక్కా" అంది పక్క సీటు అమ్మాయి. "మొహం కడుక్కుని, ఏమీ రాయకుండా గంటసేపు ఊరికే కూర్చో. తర్వాత టిష్యూ కాగితం అద్దు. నూనె అంటితే జిడ్డు చర్మం, అంటకపోతే పొడి చర్మం."

ఇంటికొచ్చి కడుక్కుంది. ఊరికే కూర్చోవడమే కుదరలేదు. ఆ ఇంట్లో ఆమెకు ఊరికే ఒక గంట ఎవరిచ్చారు గనక? ఆ గంటలోనే రాత్రి వంటకు కూరముక్కలు వేయించి, వచ్చి కాగితం అద్దింది. నుదుటి నుంచి గడ్డం దాకా నూనె మరక. వాళ్ళన్నదే నిజం అనుకుంది.

ఆదివారం గ్యాస్ అయిపోయింది. భోజనం బయటినుంచి తెప్పించారు. ఏం తోచక మొహం కడుక్కుని కిటికీ పక్కన కూర్చుంది. గంట తర్వాత కాగితం అద్దింది. మరక లేదు! ముక్కు మీద గట్టిగా నొక్కింది. ఇంకో కాగితం తీసింది. రవ్వంత నూనె లేదు, పొట్టు మాత్రం రాలింది. ఆ జిడ్డు తనది కానే కాదు, బాణలిది! ఇన్నేళ్ళూ పొయ్యి సెగ చేసిన పనికి తన చర్మాన్ని తిట్టారు, తనూ తిట్టుకుంది, పగవాళ్ళదైనట్టు తోమి పారేసింది. ఎంత ఘోరం!

సాయంత్రం సిలిండర్ వచ్చింది. బాణలి పెట్టి, నూనె పోసి, భర్తను పిలిచి గరిటె అతని చేతిలో పెట్టింది.

"రేపు నేను రిసెప్షన్‌లో కూర్చోవాలి. ఇకమీదట వేయించే పని మీది."

"పిచ్చి పట్టిందా? ఆ సెగకి నా మొహమంతా జిడ్డయిపోదూ!"

అతనికి తెలుసన్నమాట. అన్నేళ్ళూ తెలిసే అన్నాడన్నమాట.

నూనె కాగుతోంది. ఆమె గరిటె తిరిగి తీసుకోలేదు.