వంకరకు హక్కుదారులు

నేను ఒక మోటార్‌సైకిల్ అద్దాన్ని. కుడి చేతివైపుది. ఎదురుపడిన ప్రతి ముఖానికీ అనుమతి అడక్కుండా నకలు తీయడం నా పుట్టుపని. ఇన్నేళ్లలో ఒక్కరూ నా మీద కేసు పెట్టలేదు. పైగా తల దువ్వుకుని, మీసం సవరించుకుని, పళ్లలో ఇరుక్కున్న కరివేపాకు తీసుకుని సంతోషంగా వెళ్లారు. అలాంటి నా మెడకు "నకిలీ" అని చీటీ కట్టి కోర్టు సామాన్ల గదిలో పడేశారు. మనుషుల తెలివి మీద నాకు మొదటినుంచీ గొప్ప అభిప్రాయమే.

నిజానికి నేను పుట్టింది మంచి ఇంట్లోనే. మేఘవాహన మోటార్స్ వారి ఫ్యాక్టరీలో, చల్లటి గదిలో, చేతులకు తొడుగులు వేసుకున్న మనుషుల మధ్య కళ్లు తెరిచాను. నా వీపు మీద కంపెనీ పేరు, నెంబరు పోతపోశారు. అట్టపెట్టె మీద మెరిసే బిళ్ల అంటించి "నకిలీలను చూసి మోసపోకండి" అని రాశారు. ఇంత శ్రద్ధ తీసుకున్నవాళ్లు ఒక్క చిన్న సంగతి మరిచిపోయారు. బండెక్కినవాడికి నాలో వెనక రోడ్డు కనిపించదు, సొంత మోచెయ్యి కనిపిస్తుంది. లారీ వస్తోందో లేదో తెలియదు గాని, చొక్కా చేతి దగ్గర చిరిగిందో లేదో బ్రహ్మాండంగా తెలుస్తుంది. ఇంకొకటి, ఖర్చు కలిసొస్తుందని నా కాడకు చవక లోహం వాడారు. ఆ పిసినారితనం లేకపోతే నాకు కథే లేదు.

బెజవాడ ఆటోనగర్‌లో నన్ను కొన్నాయన మేకా పేరయ్య. ఆయనకు బండి లేదు. బండి లేనివాడికి అద్దమెందుకని దుకాణదారు అడగలేదు, ఎందుకంటే ఆయనకు తెలుసు. కంపెనీ సామాన్లకు కవలపిల్లలు పుట్టే చోటు పేరయ్య షెడ్డు. ఆయన పేరు పేరయ్యే గాని, పాతికేళ్లుగా చేసిన ఏ వస్తువు మీదా ఆ పేరు లేదు. హారన్ మీద ఒకరి పేరు, క్లచ్ లివర్ మీద ఇంకొకరి పేరు. "ఎవరి పేరైతే ఏందిలే, తిరిగేది బండేగా" అనేవాడు. ఆయనకున్న ఒకే ఒక గర్వం, తాను చేసింది అసలుకు మక్కీకి మక్కీ ఉంటుందని.

మక్కీ అంటే ఈగ. వెనకటికి ఒక గుమాస్తా పాత కాగితానికి నకలు రాస్తూ, అందులో చచ్చి అతుక్కుపోయిన ఈగ కనిపిస్తే, ఇంకో ఈగను చంపి తన కాగితంలో అదే చోట అంటించాడట. మన పేరయ్య ఆయనకు వారసుడు.

నన్ను బెంచీ వైసులో బిగించి అచ్చు తీయబోతుండగా, ఆయన భార్య తిరుపతమ్మ మధ్యాహ్నం భోజనం పట్టుకొచ్చింది. అయిదు గిన్నెల క్యారేజీ. నేల మీద చూస్తే నూనె, బల్ల మీద చూస్తే ఇనప రజను. ఎక్కడ పెట్టాలో తోచక, నిటారుగా కనిపించిన నా కాడకు తగిలించింది.

"చేతులు కడుక్కునిరావయ్యా, పప్పుచారు చల్లారిపోద్ది!" అని కేకేసింది.

ఆయన తీరిగ్గా కడుక్కొచ్చేదాకా ఆ బరువు మోసింది నేనే. చవక లోహం కదా, మెడ బయటికి వంగిపోయింది. తిరుపతమ్మ క్యారేజీ తీస్తూ చూసింది. మొగుడు తిడతాడని నోరు మెదపలేదు. పేరయ్య భోంచేసి, త్రేన్చి, వచ్చి నాకు అచ్చు తీశాడు. వంకరతో సహా, మక్కీకి మక్కీ. పని అయ్యాక నన్ను గోడ మేకుకు తగిలించాడు.

ఆ వంకర అద్దాలు బజారుకెక్కాక వింత జరిగింది. కాడ బయటికి వంగినందువల్ల మోచెయ్యి పక్కకు తప్పుకుంది, రోడ్డు కనిపించింది. పాల క్యాన్లు కట్టుకుపోయేవాళ్లు, పార్సిళ్లు మోసేవాళ్లు ఏరికోరి అడగసాగారు. ఓ రోజు దుకాణదారు నవ్వాపుకోలేక షెడ్డుకొచ్చాడు.

"పేరయ్యగారో, కంపెనీ అద్దం చేతిలో పెడితే ఒకాయన నా మీద ఇంతెత్తున లేచాడండీ. కాడ వంకర లేదేంది, డూప్లికేట్ అంటగడతన్నావా అని!"

పేరయ్య అప్పుడు నన్ను మేకు మీదనుంచి తీసి, కొత్త కంపెనీ అద్దం పక్కన పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. పాతికేళ్లలో మొదటిసారి ఆయన చేసిన వస్తువు అసలుకు వేరుగా ఉంది, అసలుకన్నా మెరుగ్గా ఉంది. "చూశావా తిరుపతా, కంపెనీవోడికి తట్టంది నాకు తట్టింది," అన్నాడు. తిరుపతమ్మ ఏమీ అనలేదు. పెళ్లాలు ఏమీ అనని సందర్భాల్లో ఎంతో ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

కంపెనీవాళ్లకూ అమ్మకాల దెబ్బ తగిలింది. పెద్దలు సమావేశమయ్యారు. నకిలీలను ఖండించారు, సమోసాలు తిన్నారు, ఆ తర్వాత చప్పుడు చేయకుండా తమ అద్దాల కాడ కూడా వంచారు. వంచి ఊరుకున్నారా? ఆ వంపు తమ సొంత డిజైన్ అని రిజిస్టర్ చేయించారు. ఆనక పోలీసులను వెంటబెట్టుకుని వచ్చి పేరయ్య షెడ్డు మీద పడ్డారు. తమ పేరు వాడుకున్నందుకు ఒకటి, తమ వంపు దొంగిలించినందుకు ఒకటి, రెండు నేరాలు మోపారు. పేరయ్యది దొంగకు తేలు కుట్టిన పరిస్థితి. వంకర నాదని అరవాలంటే మిగతా అద్దమంతా మీదేనని ఒప్పుకోవాలి.

ఆయన ప్లీడరు సునాదమాల గారు తెలివైన మనిషి. "షెడ్డు ఎవరికో అద్దెకిచ్చాను, అచ్చులు ఎవరివో తెలియదు అనండి. అంతకుమించి ఒక్క మాట మాట్లాడొద్దు. నోరు తెరిచారా, షెడ్డు పోయినట్టే," అని మరీ మరీ చెప్పారు. పేరయ్య తలూపాడు. ఆ షెడ్డు తప్ప ఆయనకు వేరే ఆధారం లేదు.

విచారణ రోజు నన్ను బల్ల మీద పెట్టారు. దొరికింది పేరయ్య షెడ్డులో కాబట్టి నకిలీనట. నా వీపు తిప్పి నెంబరు చూద్దామని ఎవరికీ తోచలేదు. నకిలీగాడు, దొంగ, దేశద్రోహి అని కంపెనీ తరఫువాళ్లు ఎన్ని అన్నా పేరయ్య ప్లీడరమ్మ నేర్పిన ముక్క చెప్పి గోడలా నిలబడ్డాడు. అప్పుడు కంపెనీ ఇంజనీరు బోనెక్కాడు.

"ఈ వంపు మా నిపుణుల మూడేళ్ల పరిశోధన ఫలితమండీ. మనిషి మోచేతి కదలికలను అధ్యయనం చేసి కనిపెట్టాం. ఇది మా మేధో సంపత్తి."

పేరయ్య ముఖం కందిపోయింది. దొంగ అంటే ఓర్చుకున్నవాడు దీనికి ఓర్చుకోలేకపోయాడు.

"అబద్ధమండీ! ఆ వంకర నాదండీ! ముందు చేసింది నేను. నన్ను చూసి వీళ్లు కాపీ కొట్టారు!"

ప్లీడరమ్మ ఫైలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. జడ్జిగారు కళ్లజోడు పైకి తోశారు.

"అచ్చులు ఎవరివో తెలియదన్నారు కదా? మరి వంకర మీదెలా అయింది?"

షెడ్డు పోయిందని పేరయ్యకు అప్పటికి అర్థమైంది. అయినా తల దించుకోలేదు. జీవితంలో మొదటిసారి ఒక వస్తువును పట్టుకుని నాది అన్నాడు కదా, ఆ ధీమా. నిజం చెబుతున్నా, నాకు కళ్లుంటే చెమర్చేవి.

అంతలో వెనక బెంచీలోంచి తిరుపతమ్మ లేచింది.

"ఆయనదీ కాదండీ, వాళ్లదీ కాదండీ. ఆ వంకర నాది. క్యారేజీ తగిలిస్తే వంగిపోయింది. తిడతాడని చెప్పలేదు."

టైపిస్టు తలెత్తి, "క్యారేజీ అని కొట్టమంటారా అండీ?" అని అడిగాడు.

"కొట్టండి," అన్నారు జడ్జిగారు. తర్వాత కలం పక్కన పెట్టి, "అందులో ఏముందమ్మా?" అన్నారు.

"పప్పుచారండీ."

పేరయ్య భార్య వంక చూసిన చూపు నేను చూశాను. జన్మకొక్కసారి నాది అన్న వస్తువు కూడా పెళ్లాం దగ్గర కొట్టేసిందేనని తేలింది పాపం.

తీర్పు వచ్చింది. కంపెనీ రిజిస్టర్ చేయించకముందే వంపు బజార్లో ఉంది కాబట్టి దాని మీద కంపెనీకి హక్కు లేదన్నారు. కంపెనీ పేరు వాడుకున్నందుకు పేరయ్య అచ్చులు పగలగొట్టించారు, షెడ్డుకు సీలు వేశారు. మూడేళ్ల పరిశోధనకు, పప్పుచారుకు జరిగిన పోటీలో పప్పుచారు గెలిచింది. ఆ హాల్లో నిఖార్సైన కంపెనీ అద్దాన్ని నేనొక్కదాన్నే. నకిలీ చీటీతో జైలుకొచ్చిందీ నేనొక్కదాన్నే.

చాలాకాలం తర్వాత మొన్న నా పక్కకు కొత్త సరుకు వచ్చింది. పట్టుబడ్డ అద్దాలు. కాడకు అదే వంకర. వీపు మీద మాత్రం "తిరపతమ్మ" అని పోతపోసి ఉంది. ఫిర్యాదుదారు తన సరుకుతో పోల్చి చెప్పడానికి వచ్చాడు. చూద్దును కదా, పేరయ్య! చిన్న కొట్టు పెట్టుకుని, భార్య పేరుతో అద్దాలు చేస్తున్నాడట.

"చూడండి సారూ, మాది తిరుపతమ్మ. వీళ్లకి కొమ్ము కూడా పెట్టడం రాదు. కష్టపడి మేం పేరు తెచ్చుకుంటే, పొద్దున్నే లేచి ఎత్తుకుపోతారా? ఒకడి సొత్తు కొట్టేసి బతకడానికి సిగ్గుండొద్దూ?" అని కోర్టు గుమాస్తా మీద విరుచుకుపడ్డాడు.

ఆవేశంలో మీసం చెదిరింది. సరిచేసుకుందామని చేతికందిన అద్దాన్ని తీసుకున్నాడు. నన్నే. గుర్తుపట్టలేదు. నేను నా పుట్టుపని ప్రకారం ఆయన ముఖానికి మక్కీకి మక్కీ నకలు తీసి, ఆయనకే చూపించాను.