వంటవాడి ఆట

నేనొక వీడియో గేమ్ కేసెట్‌ని. అరచేతిలో పట్టే పసుపు రంగు ప్లాస్టిక్ డొక్క, లోపల ఒక ఆకుపచ్చ పలక, దాని మీద నల్లటి చిప్పు. అంతే నా ఒళ్ళు. పుట్టింది తైవాన్‌లో ఒక రేకుల షెడ్డులో.

నేను అసలు ఆటను కూడా కాదు, కొసరు ఆటను. అసలు ఆటలో ఒక వీరుడు కత్తి పట్టుకుని, మెట్లూ గోడలూ దూకుతూ ఏడు కోటలు దాటి రాజకుమారిని విడిపిస్తాడు. అది దేశదేశాల్లో తెగ అమ్ముడుపోయింది. అందులో మూడో కోటలో ఒక వంటవాడు కనిపిస్తాడు. వీరుడి చేతిలో రొట్టె పెట్టి పక్కకు తప్పుకుంటాడు. ఆ ఊపులోనే ఇంకో ఆట అమ్ముకోవచ్చని ఎవరికో బుద్ధి పుట్టి, ఆ వంటవాణ్ణే నాయకుణ్ణి చేసి నన్ను తయారుచేశారు. జనం నా వంక చూడలేదు. కత్తి లేనివాడి తరఫున ఆడటం మనుషులకు ఇష్టం ఉండదని నాకు అప్పుడే తెలిసింది.

కాకినాడ మెయిన్ రోడ్డులో ఒక ఫారిన్ సామాన్ల కొట్లో ఏడాదిన్నర దుమ్ము తిన్నాను. తొంభైనాలుగు వేసవిలో, పోర్టులో లాంచీ నడిపే సూర్యారావు అక్కడికి వచ్చాడు. కొడుకు పదో తరగతి ఫస్ట్ క్లాసులో పాసయ్యాడని వీడియో గేమ్ మిషను, దాంతోపాటు వీరుడి కేసెట్ కొన్నాడు. కొట్టాయన నన్ను కూడా అదే సంచిలో పడేశాడు.

"ఇదీ ఉంచండి సూర్రావుగారూ. ఎలాగూ అమ్ముడుపోదు."

అలా ఆ ఊళ్ళోనే జగన్నాథపురంలో ఒక రెండు గదుల ఇంటికి చేరాను.

కొడుకు పేరు మల్లిబాబు. అతనికంటే రెండేళ్ళు చిన్నది చెల్లెలు వీరవేణి. మిషను అన్నయ్యది కనుక, అన్న ఆడినంతసేపూ ఆమె పక్కన కూర్చుని చూడాలి. అతను క్రికెట్‌కు వెళ్ళినప్పుడే ఆమెకు వంతు. అదీ షరతు మీద.

"నా కేసెట్ ముట్టుకున్నావంటే ఊరుకోను. ఆ వంటోడి ఆట ఆడుకో."

ఆమె నన్నే ఆడింది. పాపం, నా వంటవాడి దగ్గర ఏముంది? ఒక గరిటె, రెండు కాళ్ళు. దూకడం, పరిగెత్తడం, పడటం. నాలోనూ ఉన్న ఏడు కోటల్లో ఆరు ఇరవై రోజుల్లో దాటింది. ఏడో కోట దగ్గర ఆగిపోయింది. అక్కడ కింద మంట, పైన ఇనుప మేకులు. మధ్యలో రాతి మెట్లు. కాలు పెట్టగానే మెట్టు మంటలోకి దిగిపోతుంది. భయపడి వెంటనే ఎగిరితే నెత్తి మేకులకు తగులుతుంది. మల్లిబాబు కూడా ఒకరోజు సరదాకి ప్రయత్నించి, పది నిమిషాల్లో నన్ను విసిరికొట్టాడు. "దీన్ని తయారుచేసినోడికే రాదిది. తప్పు ఆట."

వేణి మాత్రం వదల్లేదు. జూన్ మొదటి వారంలో ఒక మధ్యాహ్నం, ఆమె వేళ్ళు ఒక్కసారిగా కదలకుండా ఆగాయి. వంటవాడు మెట్టు మీద నిలబడ్డాడు. మెట్టు దిగుతోంది. ఆమె కదల్లేదు. మంట అతని కాళ్ళకు తగిలేంత దాకా ఓపిక పట్టి అప్పుడు దూకించింది. మేకులకు వెంట్రుకవాసి కింద నుంచి అతను అవతలి మెట్టు మీద పడ్డాడు. అలా పదకొండు మెట్లు.

ఏడో కోట అవతల ఒక బల్ల ఉంటుంది. వంటవాడు ఆ బల్ల ముందు కూర్చుని, తొలిసారి తనకోసం వడ్డించుకుని తింటాడు. అదే నా ముగింపు. వేణి నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. అప్పుడే మల్లిబాబు బ్యాటుతో లోపలికి వచ్చాడు.

"ఎలా దాటేవే? ఏదీ, మళ్ళీ ఆడు!"

మళ్ళీ ఆడింది. మళ్ళీ దాటింది. అతను కళ్ళారా చూశాడు. ఆ సంగతి నేను ఎక్కడైనా చెప్పగలను, అడిగేవాళ్ళుంటే.

ఆ మరుసటి ఏడు సూర్యారావుకు నడుం దెబ్బతిని పోర్టు పని పోయింది. ఇద్దర్నీ చదివించలేమన్నారు. ఇద్దరిలో ఎవరన్నది ఎవరూ అడగలేదు. వేణిని తొమ్మిదో తరగతిలో మానిపించి రొయ్యల కంపెనీలో చేర్పించారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఐసులో చేతులు పెట్టి రొయ్యల తొక్క తియ్యాలి. ఇంటికొచ్చి ఒకటి రెండుసార్లు నన్ను మిషనులో పెట్టింది. వేళ్ళు ఉబ్బి, తెల్లబడి, బటన్ల మీద నిలవలేదు. ఆ తర్వాత పెట్టలేదు.

మల్లిబాబు ఇంజినీరింగు చదివాడు. హైదరాబాదులో ఉద్యోగం వచ్చాక తన సామాన్లతో పాటు నన్నూ తీసుకెళ్ళాడు. పాతికేళ్ళు అట్టపెట్టెలో పడుకున్నాను.

పోయినేడు పెట్టె తెరుచుకుంది. ఇప్పుడు మల్లిబాబుకు బట్టతల, బొజ్జ, పాత వీడియో గేముల గురించి యూట్యూబులో ఒక చానెలు. వీరుడి ఆట గురించి అందరూ ఎప్పుడో చెప్పేశారట. ఎవరికీ తెలియని కొసరు ఆట కావాలి. స్పిరిట్‌లో ముంచిన దూదితో నన్ను ఎంత ప్రేమగా తుడిచాడో! నాకు ఏడుపొచ్చింది. మనుషుల ప్రేమను అంత తొందరగా నమ్మకూడదు.

రెండు వారాలు ఆడాడు. ఏడో కోట దాటలేకపోయాడు. చివరికి కాకినాడకు ఫోన్ చేశాడు.

"వేణీ, ఆ వంటోడి ఆటలో ఏడో కోట ఎలా దాటేదానివే?"

ఫోన్లోంచి ఆమె గొంతు విన్నాను. మొదట నవ్వు. "ఇంకా ఉందా అన్నయ్యా అది? కంగారు పడకు, మెట్టు మీద నిలబడు. మంట తగిలిందా అన్నంత వరకూ ఆగాలి. నువ్వు ఎప్పుడూ ముందే దూకేసేవోడివి." ముప్పై ఏళ్ళ నాటి పదకొండు మెట్లూ వరసగా చెప్పింది. అతను చెప్పినట్టే ఆడాడు. దాటాడు.

తర్వాత కెమెరా పెట్టి, నన్ను చేత్తో పైకెత్తి చూపిస్తూ ఇలా అన్నాడు: "ఫ్రెండ్స్, ఈ ఏడో కోట రహస్యం పదిహేనేళ్ళ వయసులో నేనే కనిపెట్టాను. మా చెల్లి పక్కన కూర్చుని చప్పట్లు కొట్టేది." అనేటప్పుడు అతని కళ్ళు చెమర్చాయి. అబద్ధానికి కూడా మనుషులకు నిజంగానే కన్నీళ్ళొస్తాయి.

వీడియో లక్షల మంది చూశారు.

నెల తర్వాత వేణి హైదరాబాదు వచ్చింది. కూతురు ఏదో పరీక్ష రాస్తుంటే, అయ్యేదాకా ఉందామని అన్న ఇంటికొచ్చింది. కాఫీ గ్లాసు పట్టుకుని, నిదానంగానే అడిగింది.

"మా అమ్మాయి ఫోన్లో చూశాను అన్నయ్యా. ఆడింది నేను కదా."

మల్లిబాబు నవ్వేశాడు. "అబ్బా, కథ అలా చెప్తేనే జనం చూస్తారే. ఎవరాడితే ఏంటి, మనింట్లోనే కదా?"

"మనింట్లోనే. కానీ నేను."

"ఇప్పుడు మారిస్తే నా పరువు పోతుంది వేణీ. నువ్వేమీ చానెలు పెట్టబోవటం లేదుగా?"

పక్క గదిలోంచి అతని పదేళ్ళ కూతురు వచ్చింది. "అత్తా, నీకు కూడా ఈ గేమ్ వచ్చా? అయితే ఆడి చూపించు!"

వేణి అన్న వంక చూసింది. అతను కిటికీ వైపు తిరిగాడు. ఆమె కొంగుకు చేతులు తుడుచుకుని కూర్చుంది. నన్ను మిషనులో పెట్టారు. ఆ వేళ్ళను ఇన్నేళ్ళ తర్వాత చూశాను. కణుపులు లావెక్కాయి, బొటనవేలు సగమే వంగుతోంది. నేను చేయగలిగింది ఏమీ లేదు. బటను నొక్కితేనే నా వంటవాడు దూకుతాడు. ఆమె మనసులో దూకితే సరిపోదు. మొదటి కోటలోనే, చిన్న గుంటలో పడ్డాడు. మళ్ళీ పడ్డాడు. మూడోసారి కూడా పడ్డాడు.

"నీకు రాదత్తా!" అని పిల్ల పకపకా నవ్వింది. "అప్పుడు కూడా నాన్నే ఆడాడు కదా?"

మల్లిబాబు గొంతు సవరించుకున్నాడు. ఏదైనా అంటాడేమోనని నేనూ ఎదురు చూశాను. కిటికీ తెర సర్దాడు.

వేణి పిల్ల తల నిమిరింది. "అవునమ్మా, మీ నాన్నే ఆడాడు. నేను చప్పట్లు కొట్టేదాన్ని." పరీక్ష అయిపోయే వేళయిందని చెప్పి, సంచి తీసుకుని వెళ్ళిపోయింది.

ఇప్పుడు నన్ను అద్దాల పెట్టెలో పెట్టి, చిన్న లైటు వేశారు. వచ్చినవాళ్ళు నన్ను చూసి మల్లిబాబు భుజం తడతారు. ఖరీదైన కేసెట్లలో ఒక చిన్న బ్యాటరీ ఉంటుంది. ఎవరాడారో, ఎంత దూరం వెళ్ళారో అది గుర్తుపెట్టుకుంటుంది. కొసరు ఆటకు ఎందుకులే అని నాలో దాన్ని పెట్టలేదు.