ఆవిడ మీద ఇరవై రెండు పూతలు

ఆమె తడిగుడ్డ పెట్టిన నేల ఇంకా ఆరనేలేదు, మొగుడు చెప్పులతోనే గదిలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి వీధి గుమ్మంలోకి నడిచాడు. "తడి ఉందండీ" అంటే, "నేలన్నాక తొక్కకుండా నెత్తిన పెట్టుకుంటామా?" అన్నాడు. అత్తగారు మంచం మీంచే నవ్వింది. కోడలు మళ్ళీ గుడ్డ పిండి, ఆ అడుగులు తుడిచి, అన్నం డబ్బా సంచిలో వేసుకుని పనికి బయల్దేరింది. పద్నాలుగేళ్ళుగా తుడుస్తోంది. తుడిచినట్టు ఎక్కడా ఆనవాలు లేదు. తుడవని రోజు మాత్రం అందరి కళ్ళూ నేల మీదే.

తవ్వకాల దగ్గర బొమ్మలు గీయడం ఆమె పని. వేల ఏళ్ళ కిందటి ఊరది. మనుషులు అప్పుడప్పుడే పంటలు వేసుకుని ఒకచోట కుదురుకున్న కాలం. చనిపోయినవాళ్ళను వాళ్ళు ఊరవతలికి మోసుకెళ్ళలేదు. పడుకునే గదిలోనే నేల తవ్వి, మోకాళ్ళు గుండెల దాకా ముడిచి పడుకోబెట్టి, పైన సున్నంతో అలికేసి, దానిమీదే మళ్ళీ పక్కలు వేసుకున్నారు. నిన్న అలాగే ఒకావిడ బయటపడింది. చచ్చి కూడా గడప దాటలేదు మహాతల్లి, అనుకుంది ఆమె.

తవ్వకాల పెద్దసారు గొయ్యి అంచున నిలబడి, "సాయంత్రానికి బొమ్మ కావాలి. రేపొద్దున్నే పూడ్చేస్తారు. ఒక్క గీత గీసి 'నేల' అని రాసెయ్యమ్మా" అన్నాడు.

"ఒక్కటి కాదు సార్, పూత మీద పూత ఉంది."

"ఇల్లు అలికిన వైనం ఎవడికి కావాలి? ఎముకలు చూపించు, పూసలు చూపించు. వచ్చే తడవ నిన్ను పిలవాలా, వద్దా?"

నవ్వుతూనే అన్నాడు గానీ, అది ఉత్త మాట కాదని ఆమెకు తెలుసు.

గోతిలోకి దిగి, కుంచెతో దుమ్ము దులిపి, నిలువుగా కోసిన మట్టిని చూసింది. ఉల్లిపాయ కోసినట్టు పొరలు. ఆవిణ్ణి పెట్టడానికి తెగ్గోసిన పూతలు ముప్ఫై ఒకటి. ఆ కోతను కప్పేసి, గది ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సాగినవి ఇరవై రెండు. అన్నీ మూలల్లో మందంగా ఉన్నాయి. నడుం పట్టేసిన మనిషి చివరికొచ్చేసరికి మిగిలిందంతా అక్కడే మెత్తేస్తుంది, ఆ సంగతి ఆమెకు పుస్తకాలు చెప్పక్కర్లేదు. కింది పూతల్లో ఎన్ని ఈవిడ చేతివో. తను అలికిన నేలనే తనకోసం తవ్వారు. ఆ వెంటనే ఇంకొకతె, కూతురో కోడలో, కళ్ళు తుడుచుకుని సున్నం కలిపి ఉంటుంది. కూర్చుని ఏడవడానికి తీరిక చిక్కిందో లేదో.

ఆమె అట్టడుగు నుంచి పైకి ఒక్కో పూతకూ ఒక్కో గీత గీస్తూ పోయింది. నాలుగున్నరకు ఫోను మోగింది.

"అమ్మ తరఫు వాళ్ళు దిగారు. వంటకి వేళవుతోంది, ఇంకా రావేం? పాతిపెట్టిన ముసలమ్మ ఎక్కడికీ పారిపోదుగా!" అన్నాడు మొగుడు.

ఇదిగో వచ్చేస్తున్నా అన్న మాట అలవాటుగా నోటిదాకా వచ్చింది. మింగేసింది.

"ఇవాళ వంట మీరు చూసుకోండి. ఈవిడ పని అయింది. ఈవిడ మీద అలికినదాని పని మిగిలింది."

"ఎవతె అది?"

"పేరు తెలీదండీ" అని ఫోను పక్కన పెట్టి, ముప్ఫై రెండో గీత మొదలుపెట్టింది.